మార్లా బెర్రీ పరిశోధనను థైరాయిడ్ ఖాతాలో వేయాలా, సెలీనియం ఖాతాలో వేయాలా?

ప్రశ్న: ఎం.ఎస్సీ. జీవరసాయన శాస్త్రం విద్యార్థి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా విభాగంలో ఈ సెమిస్టరులో ఒక్కొక్కరం ఒక్కో శాస్త్రవేత్తను ఎంచుకుని, వారి పరిశోధన ఒక ప్రశ్న నుంచి మరో ప్రశ్నకు ఎలా సాగిందో సెమినార్‌లో వివరించాలి. నేను అమెరికన్ శాస్త్రవేత్త మార్లా బెర్రీని ఎంచుకున్నాను. థైరాయిడ్ హార్మోన్ల పాఠం చెప్పిన మా అధ్యాపకురాలు, టీ4ను టీ3గా మార్చే డీఅయోడినేజ్ ఎంజైములో సెలీనియం ఉంటుందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. ఆ వాక్యం వెనుక ఏముందో తెలుసుకుందామని వెతికినప్పుడు బెర్రీ పేరు ఎదురైంది.

చదివిన కొద్దీ రెండు సందేహాలు గట్టిపడ్డాయి. 1990ల మొదట్లో ఆమె బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో, థైరాయిడ్ వైద్య పరిశోధనలో పేరున్న రీడ్ లార్సెన్ ప్రయోగశాలలో పనిచేశారు. ఆ తరువాత వచ్చిన వ్యాసాలలో థైరాయిడ్ ప్రస్తావన తగ్గిపోయి, ఆర్‌ఎన్‌ఏ మడతలు, వాటికి అతుక్కునే ప్రొటీన్లు ముందుకు వచ్చాయి. ఇంకొంత కాలానికి హవాయి విశ్వవిద్యాలయంలో ఆమె బృందం మెదడులో సెలీనియం గురించి పనిచేసింది. దీన్ని ఒకే పరిశోధనగా చెప్పవచ్చునా, లేక విడివిడి అధ్యాయాలుగా చెప్పాలా అన్నది మొదటి సందేహం. రెండోది ఇంకా మౌలికమైనది. డీఅయోడినేజ్‌లో సెలీనియం ఉందని స్కాట్లాండ్‌లో జాన్ ఆర్థర్, జెఫ్రీ బెకెట్ బృందమూ, బెర్లిన్‌లో డీట్రిష్ బేనె బృందమూ 1990లోనే ప్రకటించాయి. అలాంటప్పుడు 1991లో నేచర్ పత్రికలో వచ్చిన బెర్రీ వ్యాసం కొత్తగా చెప్పినది ఏమిటి? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: అణుజీవశాస్త్ర పరిశోధకుడు, బెంగళూరు

మీ రెండో సందేహం నుంచి మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మొదటిది చాలావరకు తనంతట తానే తేలిపోతుంది.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా విడుదల చేసేది నాలుగు అయోడిన్ పరమాణువులున్న టీ4, అంటే థైరాక్సిన్. కణకేంద్రకంలోని గ్రాహకాలకు గట్టిగా అతుక్కుని పని జరిపించేది మాత్రం మూడు అయోడిన్లున్న టీ3. దీన్ని 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోజాలిండ్ పిట్-రివర్స్ కనుగొన్నారు. టీ3 అంతా గ్రంథిలోనే తయారవుతుందా, లేక శరీరంలో ఇతర చోట్ల టీ4 నుంచి పుడుతుందా అన్నది చాలాకాలం తేలలేదు. 1970లో బ్రేవర్మన్, ఇంగ్బర్, స్టెర్లింగ్ థైరాయిడ్ గ్రంథి పనిచేయని మనుషులకు టీ4 మాత్రమే ఇచ్చి, వారి రక్తంలో టీ3 కనిపించడాన్ని చూపించారు. గ్రంథి బయట ఒక అయోడిన్ పరమాణువును తొలగించే ఎంజైము ఏదో ఉన్నదని దానితో స్థిరపడింది. కాలేయంలోనూ మూత్రపిండాలలోనూ దాని చర్యను కొలవగలిగారు గానీ, ఎంజైమును శుద్ధి చేసి చేతికి తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యపడలేదు. అది పొరలకు అంటుకుని ఉంటుంది, పరిమాణం అత్యల్పం, పొర నుంచి విడదీస్తే దాని స్వభావమే చెడిపోతుంది.

సెలీనియం కథ అప్పటికి మరో దారిలో నడుస్తున్నది. ఎలుకలలో కాలేయ కణజాలం చనిపోకుండా కాపాడేది సెలీనియమేనని 1957లో ష్వార్ట్స్, ఫోల్ట్స్ తేల్చారు. గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ సెలీనియం ఉన్న ఎంజైమని 1973లో తెలిసింది. ఆ సెలీనియం సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం రూపంలో ప్రొటీన్‌లో ఉంటుందని 1976లో థ్రెసా స్టాడ్ట్‌మన్ ప్రయోగశాల ఒక బాక్టీరియా ఎంజైములో చూపించింది. 1986లో స్కాట్లాండ్ నుంచీ జర్మనీ నుంచీ వచ్చిన పరిశోధనలు అందరినీ ఆశ్చర్యపరిచాయి, ఎందుకంటే సెలీనోసిస్టీన్‌కు సంకేతంగా పనిచేస్తున్నది యూజీఏ, అంటే మామూలుగా ప్రొటీన్ తయారీని ఆపివేయమని చెప్పే కోడాన్ (మూడక్షరాల జన్యుసంకేతం).

ఈ రెండు దారులూ కలిసిన చోటు మీరు చెప్పిన స్కాట్లాండ్ పరిశోధన. సెలీనియం లేని మేత తిన్న ఎలుకలలో టీ4 పెరిగి టీ3 తగ్గుతున్నదని, కాలేయంలో డీఅయోడినేషన్ (అయోడిన్ తొలగింపు) మందగిస్తున్నదని బెకెట్, ఆర్థర్ 1987లో ప్రచురించారు. అయితే దీనికి రెండు వివరణలు సాధ్యమే. సెలీనియం ఎంజైములోనే భాగమై ఉండవచ్చు. లేదా సెలీనియం కొరత వల్ల కణంలోని థయోల్ (గంధకం ఉన్న) సమ్మేళనాల స్థితి చెడి, సహాయకం అందక ఎంజైము నీరసపడి ఉండవచ్చు. 1990లో ఎలుకలకు రేడియోధార్మిక సెలీనియం-75 ఇచ్చి చూసినప్పుడు, డీఅయోడినేజ్ అని అంతకుముందే అనుమానిస్తున్న సుమారు 27 వేల డాల్టన్ల ప్రొటీన్‌లో ఆ సెలీనియం కనిపించింది. ఇది చాలా బలమైన సాక్ష్యమే. అయినా జెల్ మీద ఒకే పరిమాణంలో కనిపించిన రెండు పట్టీలు ఒకే ప్రొటీన్‌వి అనడానికీ, ఆ ప్రొటీన్‌లోని సెలీనియమే ఆ రసాయన చర్య జరుపుతున్నది అనడానికీ మధ్య కొంత దూరం ఉంది.

ఆ దూరాన్ని బోస్టన్ బృందం జన్యువు వైపు నుంచి దాటింది. ఎంజైమును శుద్ధి చేయలేమని తెలిసిన తరువాత వారు దాని సందేశ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికారు. ఎలుక కాలేయపు ఆర్‌ఎన్‌ఏను పరిమాణం వారీగా వేరుచేసి, కప్ప అండకణాలలోకి సూదితో ఎక్కించి, ఏ భాగం ఎక్కించినప్పుడు అండకణం అయోడిన్‌ను తొలగించే శక్తి పొందుతున్నదో రేడియోధార్మిక అయోడిన్‌తో కొలవడం పద్ధతి. ఆ భాగం నుంచి క్లోన్లు (ఒక్కో సందేశానికి డీఎన్‌ఏ నకళ్ళు) తయారుచేసి, గుంపులను చీలుస్తూ వెళ్ళి చివరికి ఒక్క క్లోన్ దగ్గర ఆగారు. దాని వరుసను చదివితే 126వ స్థానంలో యూజీఏ ఉంది. దాన్ని ఆపివేసే సంకేతంగా చదివితే ప్రొటీన్ సగంలోనే తెగిపోవాలి, 27 వేల డాల్టన్ల ఎంజైము పుట్టడానికి వీలులేదు. ఆ యూజీఏను నిస్సందేహంగా ఆపివేసే మరో కోడాన్‌గా మార్చితే చర్య మాయమైంది. సెలీనియం బదులు గంధకం ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు కోడాన్‌గా మార్చితే చర్య మిగిలింది గానీ బాగా తగ్గింది. ఇది 1991 జనవరి వ్యాసం. సెలీనియం ఎంజైములో ఉందా అన్న ప్రశ్నను అది ఏ స్థానంలో ఉంది, అక్కడ ఏం చేస్తున్నది అన్న ప్రశ్నగా మార్చి, దానికి జవాబు చెప్పింది.

అయితే మీ సెమినార్‌కు కీలకమైనది ఆ వ్యాసం కాదని నా అభిప్రాయం. అదే సంవత్సరం సెప్టెంబరులో అదే పత్రికలో వచ్చిన రెండో వ్యాసం దానికన్నా పెద్దది. ప్రొటీన్‌ను నిర్దేశించే భాగం మొత్తం ఉన్నప్పటికీ, దాని తరువాత ఉండే, ప్రొటీన్‌గా అనువాదం కాని 3' వైపు భాగాన్ని కత్తిరిస్తే ఎంజైము తయారుకావడం లేదని అందులో తేలింది. అంటే యూజీఏ దగ్గర ఆగాలా, సెలీనోసిస్టీన్‌ను చేర్చాలా అన్న నిర్ణయానికి కావలసిన ఆదేశం దాదాపు వెయ్యి న్యూక్లియోటైడ్ల దూరంలో ఉంది. బాక్టీరియాలో అటువంటి ఆదేశం యూజీఏను ఆనుకునే ఉంటుందని మ్యూనిఖ్‌లో ఆగస్ట్ బోక్ బృందం చూపించింది. క్షీరదాలలో కూడా అలాగే ఉంటుందని ఎవరైనా ఊహించి ఉంటే తప్పుపట్టలేం. అంతేకాక, డీఅయోడినేజ్‌కు చెందిన ఆ తోకను తీసివేసి గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌కు చెందిన తోకను అతికించినా పని జరిగింది. దానితో ఇది ఒక్క థైరాయిడ్ ఎంజైముకు సంబంధించిన విశేషం కాదని, సెలీనియం ప్రొటీన్లన్నిటికీ వర్తించే యంత్రాంగమని స్పష్టమైంది. ఆ ఆర్‌ఎన్‌ఏ మడతనే ఇప్పుడు సెసిస్ అంటున్నాం.

మీ మొదటి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. ఆమె థైరాయిడ్‌ను విడిచి సెలీనియానికి వెళ్ళలేదు. థైరాయిడ్ ఎంజైము గురించి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు జన్యుసంకేతం ఎలా చదవబడుతుందన్న ప్రశ్నగా తేలింది. ఆమె ఆ ప్రశ్న వెంట వెళ్ళారు.

సమాధానం: ఎండోక్రైనాలజిస్టు, విశాఖపట్నం

పై సమాధానం చాలా బాగుంది. కానీ 1987 నాటి స్కాట్లాండ్ పనిని ఉపోద్ఘాతంగా మాత్రమే చూడడం నాకు అంత సమంజసంగా అనిపించలేదు. ఆర్థర్ పనిచేసిన అబర్డీన్‌లోని రోవెట్ సంస్థ పశుపోషణ పరిశోధనకు ప్రసిద్ధి. సెలీనియం తక్కువగా ఉన్న నేలల్లో పెరిగిన గడ్డి తిన్న దూడలకు, గొర్రెపిల్లలకు కండరాలు పాలిపోయి క్షీణించే వ్యాధి వస్తుందని పశువైద్యులకు అంతకుముందే తెలుసు. సెలీనియం కొరత ఉన్న జంతువులో ఏయే అవయవం ఏమవుతున్నదని అడిగే అలవాటు అటువంటి సంస్థకు సహజం కాబట్టే, థైరాయిడ్ వైద్యులకు తట్టని కొలత అక్కడ తట్టింది. బోస్టన్‌లో జన్యువును చదివినప్పుడు నడుమ కనిపించిన యూజీఏను లోపభూయిష్టమైన క్లోన్ అని పక్కన పెట్టకుండా అర్థం చేసుకోగలగడానికి, సెలీనియం వైపు చూడమని ఆ పరిశోధనలు అప్పటికే వేలెత్తి చూపించడం కూడా ఒక కారణమని నేను భావిస్తాను. వరుసక్రమంలో ఎవరు ముందు అన్న పంచాయితీ కన్నా ఈ సంబంధం మీ సెమినార్‌కు ఎక్కువ ఉపయోగపడుతుంది.

రోగుల వైపు నుంచి రెండు సంగతులు చెబుతాను. ఈ పరిశోధనలు జరుగుతున్న రోజుల్లోనే, అప్పటి జైర్ దేశంలో అయోడిన్, సెలీనియం రెండూ కొరతగా ఉన్న ప్రాంతంలో బెల్జియం శాస్త్రవేత్తలతో కూడిన బృందం థైరాయిడ్ లోపమున్న వారికి సెలీనియం ఇచ్చి చూసింది. 1991లో వచ్చిన ఫలితాలు ఆందోళన కలిగించాయి. మేలు జరగకపోగా వారి టీ4 ఇంకా పడిపోయింది. ఆలోచిస్తే కారణం అర్థమవుతుంది. సెలీనియం లేనప్పుడు డీఅయోడినేజ్ మందగించి, ఉన్న కొద్దిపాటి టీ4 త్వరగా ఖర్చు కాకుండా నిలుస్తుంది. సెలీనియం అందగానే ఎంజైము పుంజుకుని టీ4ను కరిగిస్తుంది, కొత్త టీ4ను తయారుచేయడానికి మాత్రం గ్రంథిలో అయోడిన్ లేదు. అందువల్ల ముందు అయోడిన్ సంగతి చూడకుండా సెలీనియం ఇవ్వరాదని ఆ బృందం హెచ్చరించింది. ఎలుకలలో తేలిన యంత్రాంగం మనుషులలో పనిచేస్తున్నదనడానికి ఇంతకన్నా నేరుగా సాక్ష్యం దొరకడం కష్టం, కాకపోతే దానికి మూల్యం చెల్లించినది ఆ రోగులు.

రెండోది 2005 నాటిది. చికాగో విశ్వవిద్యాలయంలో శామ్యూల్ రెఫెటాఫ్ బృందం, ఎత్తు సరిగా పెరగని పిల్లలున్న ఒక సౌదీ కుటుంబాన్ని పరిశీలించింది. ఆ పిల్లల రక్తంలో టీ4 ఎక్కువ, టీ3 తక్కువ, హార్మోనుగా పనిచేయని రూపమైన రివర్స్ టీ3 ఎక్కువ. డీఅయోడినేజ్ జన్యువులలో లోపం ఉండి ఉంటుందని ఎవరైనా ముందుగా అనుకుంటారు. అసలు లోపం సెసిస్ మడతకు అతుక్కునే ఎస్‌బీపీ2 అనే ప్రొటీన్ జన్యువులో దొరికింది. బెర్రీ, ఆమె సమకాలికులు పదిహేనేళ్ళుగా పరీక్షనాళికలలో విడదీసి చూసిన యంత్రాంగంలోని ఒక మర విరిగితే, ఆ సంగతి మొదట థైరాయిడ్ పరీక్ష నివేదికలో బయటపడింది. ఆ పిల్లలకు సెలీనియం ఇచ్చినా హార్మోన్ల స్థాయిలు సర్దుకోలేదు, ఎందుకంటే అసలు లోపం సెలీనియం అందకపోవడంలో లేదు, దాన్ని ప్రొటీన్‌లో చేర్చే పనిముట్టులో ఉంది.

ఒక మనవి. సెమినార్ చివర థైరాయిడ్ రోగులకు సెలీనియం మేలు చేస్తుందన్న స్లైడు పెట్టాలని అనిపించవచ్చు. దయచేసి పెట్టకండి. గ్రేవ్స్ అనే థైరాయిడ్ వ్యాధిలో కళ్ళు స్వల్పంగా దెబ్బతిన్నవారికి ఆరు నెలలు సెలీనియం ఇవ్వడం వల్ల కొంత ప్రయోజనం కనిపించిందని 2011లో ఐరోపా బృందం ప్రచురించిన మాట నిజమే. హషిమోటో అనే మరో థైరాయిడ్ వ్యాధిలో యాంటీబాడీలు తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చెప్పినా, రోగి లక్షణాలు గానీ మందు మోతాదు గానీ దానివల్ల మారతాయని నమ్మకంగా చెప్పడానికి అవి చాలవు. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరు ఎవరో చెప్పారని ఈ మాత్రలు తామే కొనుక్కుని వేసుకుంటుంటారు. మోతాదు మించితే జుట్టు ఊడుతుంది, గోళ్ళు పెళుసుబారతాయి. మన దేశంలోనే పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని నేలల్లో సెలీనియం మరీ ఎక్కువ. మోతాదు మించిన సెలీనియం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి చైనా దాకా వెళ్ళనక్కర లేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థి

సార్, డాక్టరు గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఇంకో రెండు సంగతులు అడగాలనిపిస్తున్నది. ఇంతవరకు మాట్లాడుకున్న ఎంజైము టైప్ 1 డీఅయోడినేజ్ కదా. దాని జన్యువు గురించి బెర్రీ వ్యాసం వచ్చిన 1991లోనే, మెదడులో పనిచేసే టైప్ 2లో సెలీనియం లేదని ఒక వ్యాసం వచ్చినట్టు చూశాను. అది ఎలా పరిష్కారమైంది? అలాగే టైప్ 1 జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలలో రక్తంలోని టీ3 మామూలుగానే ఉన్నదట. అదే నిజమైతే ఈ ఎంజైముకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు ఇవ్వాలని మా గైడ్ గారు తప్పకుండా అడుగుతారు. పైగా, గంధకం ఉన్న సిస్టీన్‌తో ఎంతోకొంత పని జరుగుతున్నప్పుడు ప్రకృతి ఇంత కష్టపడి సెలీనియాన్నే ఎందుకు ఎంచుకున్నదో కూడా నాకు సరిగా బోధపడలేదు.

సమాధానం: రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, వరంగల్

చివరి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. సెలీనియం, గంధకం ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలోనివి, కాబట్టి సిస్టీన్, సెలీనోసిస్టీన్ చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఆమ్ల స్వభావంలో ఉంది. సిస్టీన్‌లోని థయోల్ సమూహం పీకేఏ విలువ (ఇది ఎంత తక్కువైతే ఆమ్ల స్వభావం అంత ఎక్కువ) 8కి కొంచెం పైన ఉంటే, సెలీనోసిస్టీన్‌లోని సెలీనాల్ సమూహం విలువ 5కి కొంచెం పైన ఉంటుంది. కణంలోని పీహెచ్ దగ్గర సిస్టీన్ చాలావరకు హైడ్రోజన్‌ను పట్టుకునే ఉంటుంది. సెలీనోసిస్టీన్ దాన్ని వదిలేసి రుణావేశంతో చర్యకు సిద్ధంగా ఉంటుంది. పైగా సెలీనియం పరమాణువు పెద్దది, దాని ఎలక్ట్రాన్ మేఘం సులభంగా వంగుతుంది, అయోడిన్ వంటి మరో పెద్ద పరమాణువుతో దానికి పొత్తు కుదురుతుంది.

బెర్రీ బృందం ఈ తేడాను ఎంజైములోనే చూపించింది. సెలీనోసిస్టీన్ ఉన్న సహజ ఎంజైమును బంగారం సమ్మేళనాలు, వైద్యంలో వాడే ప్రొపైల్‌థయోయురాసిల్ తేలికగా అడ్డుకుంటాయి. సిస్టీన్ పెట్టిన ఎంజైము వాటికి అంతగా లొంగదు. అంటే ఆ మందుకు డీఅయోడినేజ్ లొంగడం వెనుక ఉన్నది ఆ ఒక్క సెలీనియం పరమాణువు. 1992లో వారు ఇంకో ఆసక్తికరమైన సంగతి ప్రచురించారు. సిస్టీన్ పెట్టినప్పుడు ఎంజైము సామర్థ్యం పడిపోతుంది గానీ, ప్రొటీన్ మాత్రం ఎక్కువ మొత్తంలో తయారవుతుంది. ఆపివేసే సంకేతాన్ని దాటించడం కణానికి అంత ఖర్చుతో కూడిన పని అన్నమాట. కణం తక్కువ సంఖ్యలో మెరుగైన ఎంజైములను ఎంచుకున్నదని దీన్ని చదవవచ్చు, కానీ ప్రకృతి ఎంపిక గురించి అంతకు మించి మాట్లాడడానికి నేను సాహసించను.

రసాయన శాస్త్రంవారు ఈ ప్రశ్నను ఎంజైము లేకుండానే అడిగారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గోవిందసామి ముగేష్ బృందం నాఫ్తలీన్ చట్రం మీద గంధకం, సెలీనియం పరమాణువులను పక్కపక్కన నిలిపిన చిన్న అణువులను తయారుచేసి, అవి టీ4 లోపలి వలయం నుంచి ఒక అయోడిన్‌ను ఎంచి తొలగిస్తాయని 2010లో చూపించింది. ఇది శరీరంలో టైప్ 3 డీఅయోడినేజ్ చేసే పని. సెలీనియం పాలు పెరిగిన కొద్దీ చర్య వేగం పెరిగింది. అంతటి పెద్ద ప్రొటీన్ చేసే పనిలో సారమంతా రెండు మూడు పరమాణువుల అమరికలో ఉందని తేలడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ముగేష్‌కు 2012లో భట్నాగర్ పురస్కారం, 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చాయి. మీ సెమినార్‌లో భారతదేశపు పనిని చేర్చాలనుకుంటే బలవంతం లేకుండా ఇమిడిపోయే చోటు ఇది.

ఇంకొక చిన్న సంగతి. టైప్ 3 ఎంజైములో ఉత్ప్రేరక భాగపు స్ఫటిక నిర్మాణాన్ని జర్మన్ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. అందులో సెలీనోసిస్టీన్ స్థానంలో సిస్టీన్ పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే స్ఫటికానికి కావలసినంత ప్రొటీన్‌ను బాక్టీరియాలో తయారుచేయాలి, బాక్టీరియాకు మన సెసిస్ మడత చదవడం రాదు. 1991 సెప్టెంబరు వ్యాసంలోని అంశం ప్రయోగశాలలో ఇంకా అడ్డుపడుతూనే ఉంది.

సమాధానం: అణుజీవశాస్త్ర పరిశోధకుడు, బెంగళూరు

డాక్టరు గారి సవరణను అంగీకరిస్తున్నాను, అబర్డీన్‌ను ముందుకు తేవడమే సరైనది. ఇక మిగిలిన రెండు ప్రశ్నలు.

టైప్ 2లో సెలీనియం లేదన్న 1991 వ్యాసాన్ని ప్రచురించింది జాక్ లియొనార్డ్ బృందం. వారి కణాలలో సెలీనియం అందినా అందకపోయినా టైప్ 2 చర్య పెద్దగా మారలేదు, పైగా ఆ ఎంజైము బంగారానికీ ప్రొపైల్‌థయోయురాసిల్‌కూ టైప్ 1 అంతగా లొంగదు. కాబట్టి ఆ నిర్ణయం అప్పటి సాక్ష్యానికి విరుద్ధం కాదు. 1995లో డార్ట్‌మౌత్‌లో డొనాల్డ్ సెయింట్ జెర్మైన్, వాలెరీ గాల్టన్ బృందాలు కప్ప నుంచి టైప్ 2 జన్యువును తీసినప్పుడు అందులోనూ యూజీఏ కనిపించింది. క్షీరదాల జన్యువు ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. అయినా వాదన వెంటనే ఆగలేదు. మొదట దొరికిన క్షీరద క్లోన్లు అసంపూర్ణమైనవి, వాటిలో సెసిస్ కనిపించలేదు, సెసిస్ లేకుండా యూజీఏను సెలీనోసిస్టీన్‌గా చదవలేరన్నది బెర్రీ పని నుంచి వచ్చిన నియమమే కదా. 1998లో లార్సెన్ బృందం మానవ టైప్ 2 ఆర్‌ఎన్‌ఏ చాలా పొడవైనదని, దాని తోక చివరికి దగ్గరగా పనిచేసే సెసిస్ ఉందని చూపించింది. యూజీఏ నుంచి అది సుమారు ఐదు వేల న్యూక్లియోటైడ్ల దూరం. టైప్ 1లోని వెయ్యి న్యూక్లియోటైడ్ల దూరమే ఎక్కువని అనుకున్నవారికి అది మంచి పాఠం.

ఎలుకల సంగతి మీ గైడ్ గారు అడగడం న్యాయమే. టైప్ 1 లేని ఎలుకలలో టీ4, రివర్స్ టీ3 పెరుగుతాయి, టీ3 మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. టైప్ 1, టైప్ 2 రెండూ లేని ఎలుకలలో కూడా రక్తంలోని టీ3 నిలబడింది. మెదడు, పిట్యూటరీ, గ్రంథి కలిసి సర్దుకుంటాయి, ఎలుక గ్రంథి మనిషి గ్రంథి కన్నా ఎక్కువ పాలు టీ3ని నేరుగా విడుదల చేస్తుంది. టైప్ 1 లేనప్పుడు అయోడిన్ ఉన్న వ్యర్థాలు శరీరం నుంచి ఎక్కువగా బయటికి పోతాయి కాబట్టి, దాని ముఖ్యమైన పని టీ3 తయారీ కన్నా అయోడిన్‌ను తిరిగి రాబట్టడమని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. నిజం చెప్పాలంటే, 1991లో జన్యువును వెతికినవారు ఈ ఎంజైముకు ఆపాదించిన శారీరక ప్రాముఖ్యం కొంత తగ్గింది. వారు దారిలో కనుగొన్న అనువాద యంత్రాంగం ప్రాముఖ్యం మాత్రం పెరుగుతూ వచ్చింది. మీ గైడ్ గారికి ఇదే జవాబు చెప్పవచ్చు, దాచవలసినది ఏమీ లేదు.

ఆ యంత్రాంగంలోని భాగాలు 2000 ప్రాంతంలో వరుసగా బయటపడ్డాయి. సెసిస్‌కు అతుక్కునే ఎస్‌బీపీ2ను క్లీవ్‌లాండ్‌లో పాల్ కోప్‌లాండ్, డోనా డ్రిస్కాల్ గుర్తించారు. సెలీనోసిస్టీన్‌ను మోసుకువచ్చే టీఆర్‌ఎన్‌ఏను రైబోజోముకు అందించే ప్రత్యేక కారకాన్ని బెర్రీ బృందమూ, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో అలాన్ క్రోల్ బృందమూ 2000లోనే విడివిడిగా ప్రచురించాయి. బెర్రీ వ్యాసంలో డ్రిస్కాల్, కోప్‌లాండ్, డాల్ఫ్ హాట్‌ఫీల్డ్ కూడా సహరచయితలు. ఆ రంగం చిన్నది, అందులో పోటీదారులే సహకారులు కూడా.

హవాయి దశను విడి అధ్యాయంగా చూడకుండా ఉండడానికి సెలీనోప్రొటీన్ పి మీకు సహాయపడుతుంది. మామూలు సెలీనియం ప్రొటీన్లలో యూజీఏ ఒక్కటే ఉంటే, మానవ సెలీనోప్రొటీన్ పి ఆర్‌ఎన్‌ఏలో పది ఉంటాయి, తోకలో సెసిస్ మడతలు రెండు. ఒక్క యూజీఏను దాటించడమే ఖర్చైనప్పుడు పదింటిని దాటించడం ఎలా సాధ్యమన్నది అనువాదాన్ని అధ్యయనం చేసేవారికి సహజంగా పుట్టే ప్రశ్న, బెర్రీ దాని మీద బోస్టన్‌లో ఉన్నప్పుడే పనిచేశారు. కాలేయం ఆ ప్రొటీన్‌ను రక్తంలోకి వదిలి సెలీనియాన్ని మెదడుకు చేరవేస్తుంది. హవాయిలో ఆమె వైద్య కళాశాలలోని కణ, అణుజీవశాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేశారు. అక్కడి బృందం ఆ ప్రొటీన్‌నూ, పాత ప్రొటీన్ల నుంచి సెలీనియాన్ని విడదీసి తిరిగి వాడుకునే సెలీనోసిస్టీన్ లైయేజ్ ఎంజైమునూ ఎలుకలలో అధ్యయనం చేసింది. లైయేజ్ లేని ఎలుకలు లావెక్కి జీవక్రియ లోపాలకు గురయ్యాయని 2012లో, రెండూ లేని ఎలుకలలో తీవ్రమైన నాడీ లోపాలు, శబ్దానికి వచ్చే మూర్ఛలు కనిపించాయని 2014లో వారు ప్రచురించారు.

కాబట్టి స్లైడ్లను థైరాయిడ్, సెలీనియం అని రెండుగా విడగొట్టకండి. యూజీఏను మధ్యలో పెట్టి, దానికి ముందు ఎంజైము వేట, దాని తరువాత సెసిస్, ఎస్‌బీపీ2, టీఆర్‌ఎన్‌ఏ కారకం, ఆపైన సెలీనోప్రొటీన్ పి అన్న వరుసలో చెప్పండి. డాక్టరు గారు చెప్పిన సౌదీ పిల్లలను ఎస్‌బీపీ2 దగ్గర తీసుకురండి, చివరికి నెట్టవద్దు. బోర్డు మీద ఒక్క బొమ్మ గీయడానికే సమయం ఉంటే, బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏను, దాని కింద టైప్ 1 ఆర్‌ఎన్‌ఏను ఒకే కొలతతో గీసి, రెండింటిలోనూ యూజీఏ ఎక్కడ ఉందో, మడత ఎక్కడ ఉందో గుర్తించండి. ప్రశ్నలు ఎక్కువగా ఆ బొమ్మ మీదే వస్తాయి, వాటికి మీరు సిద్ధంగా ఉంటారు.